సిస్టర్ గారికి 20కి 11

పోయిన నెల స్కిల్ ల్యాబ్‌లో సరదాకి ఒక పని చేశాను, సరదాకే మొదలుపెట్టాను గానీ అప్పట్నుంచీ బుర్రలో అదే తిరుగుతోంది, అందుకే ఇక్కడ రాసేస్తున్నా.

మాది ఒక గవర్నమెంట్ మెడికల్ కాలేజీ, పేరు ఎందుకులెండి. చుట్టుపక్కలంతా పత్తి, మిరప. అంటే మా క్యాజువాలిటీలో పురుగుమందు కేసు రాని వారం ఉండదు. అందుకని ఫైనలియర్ పిల్లల ఇంటర్నల్స్‌కి నేను ఓస్కీలో, అంటే స్టేషన్ల వారీగా పని చేయించి మార్కులేసే ప్రాక్టికల్ పరీక్షలో, ఒక స్టేషన్ తయారుచేశా, పురుగుమందు తాగిన పేషెంట్ వచ్చాడు, మొదటి 8 నిమిషాల్లో నువ్వేం చేస్తావు అని. చెక్‌లిస్ట్ నేనే కూర్చుని రాసుకున్నా, 20 పాయింట్లు, పాయింటుకి ఒక మార్కు, పాస్ అవ్వాలంటే 12. రెండు రాత్రులు కష్టపడ్డాను దాని మీద, చాలా బాగా వచ్చిందని నాకు నేనే మురిసిపోయా కూడా.

పరీక్ష ముందు రోజు సాయంత్రం మా క్యాజువాలిటీ హెడ్ సిస్టర్ గారు నోట్లో నురగ లాగే సక్షన్ ట్యూబులు ఇవ్వడానికి ల్యాబ్‌కి వచ్చారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసు ఆవిడది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కూడా ఆవిడ అక్కడే ఉన్నారు, నన్ను అప్పుడు "ఏమ్మా" అనేవారు, ఇప్పుడు "మేడమ్" అంటున్నారు, నాకే ఏదోలా ఉంటుంది. సరే, టైమింగ్ సరిపోతుందో లేదో చూద్దాం, మీరు ఒకసారి చెయ్యండి సిస్టర్ అన్నా. ఆవిడ నవ్వి, చీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చేశారు. 

నేను బెల్ కొట్టి చెక్‌లిస్ట్ పట్టుకుని నిలబడ్డా. ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. ముందు గ్లౌజులు. తర్వాత పేషెంట్ బదులు పెట్టిన బొమ్మ, మ్యానికిన్‌ని ఎడమ పక్కకి ఒత్తిగిల్లబెట్టి నోట్లో సక్షన్ పెట్టారు, పెడుతూనే ఇంకో చేత్తో ఆక్సిజన్ మాస్క్ అందుకున్నారు. కత్తెరతో చొక్కా రెండుగా కోసేసి, ఆ గుడ్డ కింద పడెయ్యకుండా కవర్లో కుక్కి, సబ్బు నీళ్లు ఎక్కడ అని చుట్టూ చూశారు. క్యాన్యులా పెట్టారు. గాల్లోకి చూసి "డాక్టరమ్మా, అట్రోపిన్ ఇచ్చెయ్యనా" అన్నారు, పురుగుమందుకి విరుగుడు అది, ఆర్డర్ లేకుండా ఇవ్వకూడదు కదా, అలవాటు. నేను ఊ అన్నా. ఐదు ఆంప్యూల్స్, చిన్న గాజు మందు సీసాలు, టకటకా విరిచారు. చివర్లో మ్యానికిన్ చంకలో చెయ్యి పెట్టి, ఒక్క క్షణం ఆగి, "ఇక్కడేం లేదు కదా మేడమ్" అని నవ్వారు.

బెల్ కొట్టి లెక్కేశా. 11.

మళ్లీ కూడి చూశా. 11 అంటే 11. పేరు చెప్పి పరిచయం చేసుకోలేదు, ఒక మార్కు పోయింది. సీన్ సేఫ్ అని అనలేదు, పోయింది. అటెండర్ దగ్గర హిస్టరీ తీసుకుంటున్నా అని చెప్పలేదు. కనుపాపలు చూస్తున్నా అని చెప్పలేదు. కోలినెస్టరేస్ అనే పరీక్షకి బ్లడ్ పంపిస్తున్నా అనలేదు. మెడికో లీగల్ కేసు కాబట్టి పోలీసులకి ఇంటిమేషన్ పంపాలి అనలేదు. ఇలా తొమ్మిది. రేపొద్దున నాకే అలాంటిదేదైనా అయితే ఏ చేతుల్లోకి వెళ్లాలని నేను కోరుకుంటానో ఆ మనిషిని నా పరీక్ష ఫెయిల్ చేసింది. ఆవిడకి చెప్తే "పోనీలెండి మేడమ్, సప్లీ రాస్తాను" అని ట్యూబులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయారు.

పైన రాసినవేవీ అక్కర్లేనివని కాదు. ఎంఎల్‌సీ ఇంటిమేషన్ మర్చిపోతే తర్వాత ఎన్ని తిప్పలో క్యాజువాలిటీలో చేసిన ప్రతివాళ్లకీ తెలుసు. కానీ నోట్లో నురగ కక్కుతున్న మనిషికి సక్షన్ పెట్టడానికీ ఒక మార్కే, నా పేరు ఫలానా అని చెప్పడానికీ ఒక మార్కే అని రాసింది ఎవరు? నేనే. మర్నాడు అదే చెక్‌లిస్ట్‌తో పరీక్ష పెట్టేశాం, ఇంక టైమ్ లేదు. పిల్లలకి 15, 16, 17 వచ్చాయి. ఒకబ్బాయికి 18. ఆ 18 వచ్చిన అబ్బాయి సక్షన్ ట్యూబ్ చేత్తో ముట్టుకోలేదు. "ఐ విల్ డూ సక్షన్" అన్నాడు, నేను టిక్ పెట్టా.

అసలు ఓస్కీ మీద నాకు కోపమేం లేదు, ఆ మాట ముందే చెప్పాలి. మా రోజుల్లో ఫైనల్ ప్రాక్టికల్స్ అంటే లాంగ్ కేసు, షార్ట్ కేసు, వైవా. ఎక్స్‌టర్నల్ ఎవరొస్తారు, రాత్రి ట్రైన్‌లో నిద్రపట్టిందా, పొద్దున టిఫిన్ బాగుందా అన్నదాన్ని బట్టి మన జాతకం. ఒకడికి తేలికైన కేసు, పక్కవాడికి ఎవరికీ అంతుపట్టని కేసు. ఇలా కాదు, అందరికీ ఒకటే ప్రశ్న, ఒకటే టైమ్, ఒకటే మార్కుల పేపరు ఉండాలని 1975లో స్కాట్లండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ అనే ఆయన ఈ స్టేషన్ల పద్ధతి తెచ్చాడు. అది నిజంగా న్యాయమైన ఆలోచన. మన దగ్గర 2019లో కొత్త సిలబస్ వచ్చాక స్కిల్ ల్యాబులు, లాగ్‌బుక్కులు, సర్టిఫై చెయ్యాల్సిన స్కిల్స్ అంటూ ఇదంతా ఊపందుకుంది. మంచిదే. మేం మొదటి సీపీఆర్, అంటే గుండె ఆగినప్పుడు ఛాతీ నొక్కడం, నిజం మనిషి ఛాతీ మీద నేర్చుకున్నాం, ఇప్పటి పిల్లలకి ఆ గతి పట్టకూడదు.

నా మొదటి సీపీఆర్ ఇప్పటికీ గుర్తే. 2009, హౌస్ సర్జన్సీ, రాత్రి రెండు దాటింది. 108లో ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు, అప్పటికి 108 వచ్చి నాలుగేళ్లయింది, 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది అది, అంతకుముందు ఎలా తెచ్చేవాళ్లో మా సీనియర్లు కథలు కథలుగా చెప్పేవాళ్లు. డ్యూటీ డాక్టర్ పైన వార్డులో ఉన్నారు. నేను ఛాతీ మీద చేతులు పెట్టి నొక్కడం మొదలుపెట్టా, పుస్తకంలో బొమ్మ తప్ప నాకేం తెలీదు. పక్కన నిలబడ్డ 108 కుర్రాడు, ఈఎంటీ, అంటే అంబులెన్స్‌లో చికిత్స చేసేవాడు, చాలా మర్యాదగా చెవి దగ్గరకొచ్చి "మేడమ్, మోచేతులు వంగుతున్నాయి" అన్నాడు. నాకంటే చిన్నవాడు. అతనికి ట్రైనింగ్ ఇచ్చి పంపారు, నాకు డిగ్రీ ఇచ్చి పంపారు. ఆ పెద్దాయన దక్కలేదు. ఎలా చేసినా దక్కేవాడు కాదేమో, కానీ ఆ మోచేతుల మాట మాత్రం నన్ను వదల్లేదు. ఎమర్జెన్సీ మెడిసిన్‌లో ఎండీకి అప్పటి మెడికల్ కౌన్సిల్, ఎంసీఐ, గుర్తింపు ఇచ్చింది కూడా ఆ 2009లోనే అని నాకు తర్వాతెప్పుడో తెలిసింది, అంటే అప్పటిదాకా మన దేశంలో క్యాజువాలిటీ అనేది ఎవరి సబ్జెక్టూ కాదన్నమాట, అందరూ వచ్చి పోయే బస్టాండు.

ఇప్పుడు మా ల్యాబ్‌లో మ్యానికిన్ ఉంది. 1960లో నార్వేలో బొమ్మలు చేసే లేర్డాల్ కంపెనీ మొదటిసారి తయారుచేసిన రెససీ యాన్ తాలూకు చుట్టమే ఇది కూడా, అందుకని మా వార్డ్ బాయ్ దానికి యానమ్మ అని పేరు పెట్టాడు. యానమ్మ ఛాతీ 5 సెంటీమీటర్లు దిగితే టిక్కుమంటుంది. నిమిషానికి 100 నుంచి 120, ఆరు సెంటీమీటర్లు దాటకూడదు, నొక్కాక ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి, 30 నొక్కులకి 2 శ్వాసలు, రెండు నిమిషాలకి మనిషి మారాలి. ఇవన్నీ పిల్లలకి కంఠతా వచ్చు. నేల మీద పెట్టిన యానమ్మ మీద అందరూ బ్రహ్మాండంగా చేస్తారు. 

కానీ క్యాజువాలిటీలో పేషెంట్ నేల మీద ఉండడు కదా. ట్రాలీ మీద ఉంటాడు. మా ట్రాలీలు ఎత్తు తగ్గేవి కావు, ఒకప్పుడు తగ్గేవేమో. ఐదడుగుల అమ్మాయి ఆ ట్రాలీ పక్కన నిలబడితే పేషెంట్ ఛాతీ ఆ అమ్మాయి ఛాతీకి ఎదురుగా ఉంటుంది, ఎంత నొక్కినా భుజాల బలమే తప్ప ఒంటి బరువు పడదు, మోచేతులు వంగక ఏమవుతాయి? స్టూల్ ఎక్కాలి. స్టూల్ ఎక్కడుంది? డ్రెస్సింగ్ రూమ్‌లో, దాని మీద ఎవరో కాటన్ రోల్స్ పెట్టుంటారు. ఈ సంగతి ఏ చెక్‌లిస్ట్‌లోనూ లేదు. పోయిన ఏడాది నుంచి యానమ్మని ట్రాలీ ఎక్కించి, స్టూల్‌ని కావాలని గది మూలకి తోసేసి పరీక్ష పెడుతున్నా. మొదటి బ్యాచ్‌లో స్టూల్ కోసం చుట్టూ చూసింది ముగ్గురు. ఒకమ్మాయి స్టూల్ వెతక్కుండా డైరెక్టుగా ట్రాలీ ఎక్కి మోకాళ్ల మీద కూర్చుని మొదలుపెట్టింది, ట్రాలీ బ్రేకు వేసి మరీ ఎక్కింది చూడండి, దానికి ఎన్ని మార్కులివ్వాలో నా పేపర్లో గడి లేదు.

అసలు రోగం ఎక్కడుందంటే, మనం చేతుల్ని పరీక్షిస్తున్నామనుకుని నోటిని పరీక్షిస్తున్నాం. పిల్లల తప్పు కాదు. వాళ్ల దగ్గర టెలిగ్రామ్ గ్రూపుల్లో ఓస్కీ పీడీఎఫ్‌లు తిరుగుతుంటాయి, ఏం అంటే ఎన్ని మార్కులో వాళ్లకి నాకంటే బాగా తెలుసు. లోపలికి రాగానే సంకల్పం చెప్పినట్టు మొదలుపెడతారు, సీన్ సేఫ్, గ్లౌజులు వేసుకున్నాను, పేషెంట్ రెస్పాన్స్ చూస్తున్నాను, సహాయం కోసం పిలుస్తున్నాను... చూపు యానమ్మ మొహం మీద ఉండదు, నా పెన్ను మీద ఉంటుంది. టిక్ పడిందా, తర్వాతది. మొత్తం మమ అనిపించేస్తారు. వైద్యవిద్య గురించి మాట్లాడేవాళ్లు మిల్లర్ అనే ఆయన 1990లో గీసిన పిరమిడ్ ఒకటి చెప్తుంటారు, కింద నుంచి పైకి నాలుగు మెట్లు, తెలుసు, ఎలాగో తెలుసు, చేసి చూపించగలడు, నిజంగా చేస్తాడు. ఓస్కీ మూడో మెట్టు. "ఐ విల్ డూ సక్షన్" అన్న మాటకి నేను టిక్ పెట్టగానే అది జారి రెండో మెట్టు మీద పడింది. థియరీ పేపరే, కాకపోతే నిలబడి రాశాడు.

పాము కాటు స్టేషన్ ఇంకో కథ. 20 నిమిషాల క్లాటింగ్ టెస్ట్ అందరికీ తెలుసు, రెండు ఎంఎల్ రక్తం తీసి, ట్యూబ్‌లో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, ఒకసారి వంచి చూడాలి. గడ్డ కట్టకపోతే విషం రక్తం మీద పనిచేస్తోందని అర్థం, పాము విషానికి విరుగుడు మందు ఏఎస్‌వీ మొదలుపెట్టాలి. అడిగితే గడగడా చెప్తారు. నేను ట్రేలో మూడు ట్యూబులు పెట్టా, ఒకటి ప్లాస్టిక్‌ది, ఒకటి గాజుదే గానీ సర్ఫ్ నీళ్లతో కడిగి ఇంకా నురగ మరక ఉన్నది, ఒకటి శుభ్రమైన పొడి గాజు ట్యూబ్. ఏది తీసుకుంటారు అంతే, ఇంకేం అడగలేదు. సగం మందికి పైగా ప్లాస్టిక్‌ది తీశారు, చేతికి దగ్గరగా ఉందని. గాజు తగిలితేనే రక్తం సరిగ్గా గడ్డకడుతుంది, ప్లాస్టిక్‌లో గానీ సబ్బు ఉన్న గాజులో గానీ మామూలు మనిషి రక్తం కూడా గడ్డకట్టకుండా మోసం చెయ్యొచ్చు, అప్పుడు అక్కర్లేని మనిషికి పది వయల్స్ ఏఎస్‌వీ ఎక్కిస్తాం, రియాక్షన్ వస్తే అదొక తలనొప్పి. ఈ స్టేషన్‌కి పట్టే టైమ్ అర నిమిషం. ఐదు నిమిషాల వైవాలో బయటపడనిది ఆ అర నిమిషంలో బయటపడింది.

సరే మళ్లీ అట్రోపిన్ దగ్గరకి వస్తా. సిస్టర్ గారి 11 తర్వాత ఆ చెక్‌లిస్ట్ చింపేసి మళ్లీ రాశా. ఈసారి రాసేముందు ఆవిడ పక్కన రెండు నైట్ డ్యూటీలు కూర్చున్నా, ఆవిడ ఏం చూస్తున్నారో చూడ్డానికి. మేం పుస్తకాల్లో చదివింది, మన స్టాక్‌లో ఉండే ఆంప్యూల్ 0.6 మిల్లీగ్రాములు, మూడు నుంచి ఐదు ఆంప్యూల్స్‌తో మొదలుపెట్టి ప్రతి ఐదు నిమిషాలకీ చూసి, తగ్గకపోతే డోసు రెట్టింపు చేసుకుంటూ పోవాలి. ఐదు, పది, ఇరవై. ఎప్పటిదాకా? ఛాతీలో గురగుర పోయేదాకా, పల్స్ 80 పైకి, పై బీపీ 80 పైకి వచ్చేదాకా, చంకలు ఆరేదాకా. చంకలు. మా పిల్లలందరూ టార్చి పట్టుకుని కనుపాపల చుట్టూ తిరుగుతారు, అవి పెద్దవయ్యేది అన్నిటికంటే ఆలస్యంగా, వాటి కోసం ఆగకూడదు. ఆవిడ మాత్రం వచ్చి దుప్పటి ఎత్తి చంకలో చెయ్యి పెట్టి, స్టెత్ వెనక వైపు పెట్టి విని, "ఇంకా తడే" అని వెళ్తారు. ఇంకో కుర్ర డాక్టరు నన్ను అడిగాడు కూడా, పల్స్ 120 ఉంది కదా మేడమ్ ఇంక అట్రోపిన్ ఎలా ఇస్తాం అని, ఛాతీ తడిగా ఉన్నంతకాలం పల్స్ ఎక్కువుందని ఆపకూడదు నాన్నా అని చెప్పాల్సొచ్చింది. అలాగని గుడ్డిగా ఇచ్చుకుంటూ పోతే మనిషి ఒళ్లు కాలిపోయి, దుప్పట్లు పీక్కుంటూ, గాల్లో ఏవో ఏరుకుంటూ ఉంటాడు, అది ఎక్కువైందని గుర్తు. ఆ సన్నని గీత మీద నడవడమే ఈ కేసు మొత్తం.

ఇంకోటి, ఆంప్యూల్స్ విరవడం. నవ్వుతారేమో. పది ఆంప్యూల్స్ విరిచి సిరంజిలోకి తీయడానికి మా ఫైనలియర్ కుర్రాడికి నాలుగు నిమిషాలు పట్టింది, రెండు గాజు ముక్కలై పోయాయి, వేలు తెగింది, నిజం రక్తం. డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్స్‌తో ప్రాక్టీస్ పెట్టా ఇప్పుడు. ప్రొఫెసర్ గారు ఒకాయన అటు వెళ్తూ చూసి "ఇది నర్సింగ్ పని కదమ్మా" అన్నారు. అవును సర్, రాత్రి మూడింటికి ఇద్దరే సిస్టర్లు, నాలుగు కేసులు ఉన్నప్పుడు ఎవరి పని అవుతుంది అని అడుగుదామనుకున్నా, అడగలేదు. ఆయన మా హెచ్‌ఓడీకి స్నేహితుడు.

కొత్త పేపర్లో గడులు 20 నుంచి 9కి తగ్గించా. సక్షన్, పక్కకి తిప్పడం, రెట్టింపు డోసు, వీటికి ఎక్కువ మార్కులు. నోటితో చెప్పింది లెక్కలోకి రాదు, చేస్తేనే. యానమ్మ చంకలో తడి దూది పెట్టా, దిండు కింద ఫోన్‌లో గురగుర శబ్దం రికార్డింగ్ పెట్టా. ఐదో నిమిషంలో దూది అలాగే ఉంటుంది, శబ్దం అలాగే ఉంటుంది, అప్పుడు వాడు ఏం చేస్తాడు అన్నదే పరీక్ష. చివర్లో ఒక పెద్ద గడి, ఈ పిల్లాడిని రాత్రి డ్యూటీలో ఒంటరిగా వదిలి నేను టీ తాగి రాగలనా, ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె. ఇది నా సొంత తెలివేం కాదు, అనుభవం ఉన్నవాళ్లకి చెక్‌లిస్టుల్లో తక్కువ మార్కులు రావడం, మొత్తం మీద ఎలా చేశాడని ఇచ్చే మార్కులోనే అనుభవం బయటపడడం, ఇదంతా బయటిదేశాల్లో ఎప్పుడో రాసి పెట్టారు. నాకు మాత్రం సిస్టర్ గారి 11 చూశాకే తలకెక్కింది.

మా వార్డ్ బాయ్‌ని పేషెంట్ బావమరిది వేషం వెయ్యమన్నా. అది నా తప్పు, ఆయనలో ఇంత నటుడు ఉన్నాడని తెలీదు. "మా బావకేమైనా అయితే మిమ్మల్ని వదలను" అని టేబుల్ గుద్దేసరికి ఒకమ్మాయి నిజంగా ఏడ్చేసింది. తర్వాత ఆయనే వెళ్లి మంచినీళ్లిచ్చి "ఊరికే అన్నానమ్మా" అని బతిమాలుకున్నాడు. 

కష్టమల్లా లెక్కలో ఉంది. 150 మంది, ఒక్కొక్కరికి 8 నిమిషాలు, ఒక్క స్టేషన్‌కే 20 గంటలు. అయ్యాక రెండు నిమిషాలు కూర్చోబెట్టి ఏం బాగా చేశావు, ఎక్కడ తడబడ్డావు అని చెప్పాలంటే ఇంకో 5 గంటలు. పిల్లలకి నిజంగా పనికొచ్చేది ఆ రెండు నిమిషాలే, అన్నిటికంటే ముందు మేం కోసేసేదీ అదే. వాళ్లకి మార్కు తెలుస్తుంది, మోచేయి వంగిందని తెలీదు. హౌస్ సర్జన్సీలో చూస్తే ఏడాదిలో క్యాజువాలిటీ పోస్టింగ్ రెండు వారాలు, అందులో రెండు రోజులు పీజీ ప్రిపరేషన్ లీవు, చివరి రోజు లాగ్‌బుక్కులు పట్టుకుని నా గది ముందు క్యూ. ఇంట్యుబేషన్ (గొంతులోకి శ్వాస గొట్టం వెయ్యడం) చూశావా, చేశావా, ఎన్ని అంటే "మేడమ్, మీరే రాసెయ్యండి" అన్నాడొకడు. నేనూ ఎన్నో పెట్టా అలాంటి సంతకాలు, పెట్టలేదని అబద్ధం ఎందుకు చెప్పాలి.

రెండోసారి పరీక్ష పోయిన గురువారం అయింది, 40 మంది బ్యాచ్. రూల్ ప్రకారం ఎగ్జామినర్ ఫ్యాకల్టీనే ఉండాలి కాబట్టి సిస్టర్ గారిని మూలన స్టూల్ మీద కూర్చోబెట్టా, ఆ స్టూలే, చేతిలో ఒక తెల్ల కాగితం ఇచ్చి మీకు తోచిన మార్కు వేసుకోండి, లెక్కలోకి రాదు అన్నా. దూది ముట్టుకున్నవాళ్లు పదకొండు మంది. మొదటిసారి 18 వచ్చిన అబ్బాయి ఈసారి బోర్డర్‌లో బయటపడ్డాడు, కానీ సక్షన్ పట్టుకున్నాడు. సాయంత్రం టీ తాగుతూ ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాం. 37 మంది దగ్గర మా ఇద్దరికీ దాదాపు ఒకటే. ఇద్దరి దగ్గర ఆవిడ చెప్పాక నేను ఒప్పుకున్నా.

ఒక్క కుర్రాడి దగ్గర మాత్రం తెగలేదు. వాడు లోపలికి రాగానే పేషెంట్ దగ్గరకి వెళ్లలేదు, అరుస్తున్న బావమరిది భుజం పట్టుకుని, "అన్నా, నువ్వు ఈ కాళ్లు గట్టిగా పట్టుకో, నేను చూసుకుంటా" అని ఆయన్ని పనిలో పెట్టి, అప్పుడు సక్షన్ అందుకున్నాడు. గడియారం ప్రకారం 40 సెకన్లు ఆలస్యం. నేను ఫెయిల్ వేశా, నోట్లో నురగ ఉన్నప్పుడు 40 సెకన్లంటే మాటలా. ఆవిడ ఐదుకి ఐదు వేశారు. ఆ తర్వాత ఏడు నిమిషాలూ వాడి పనికి ఎవడూ అడ్డు రాలేదు చూశారా మేడమ్, మిగతావాళ్లందరినీ ఆయన చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉన్నాడు అంటారు ఆవిడ. నిన్న కూడా క్యాజువాలిటీలో ఎదురుపడితే "ఏం చేశారు మా వాడిని" అని అడిగారు. మార్కుల షీట్ ఇంకా నా సొరుగులోనే ఉంది, సోమవారం లోపల ఇచ్చెయ్యాలి.